ఉల్లి తొక్కే ఊరు

ఆ వేసవి మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: దామలచెరువులో మా నాయన పెట్టిన మామిడి మండీ, అందులో కాయ లేక ఒకదాని మీద ఒకటి బోర్లించిన క్రేట్లు, వ్యాపారుల్లో నా మాటకున్న విలువ, ఇంట్లో వరదమ్మ, కార్వేటినగరం రోడ్డు పక్కన వరదమ్మకు వాళ్ళ నాయన రాసిచ్చిన ఎనిమిదెకరాల తోట. ఆ చివరిది నాది కాదు. పెళ్ళయిన నాటినుంచి దాన్నీ నా వాటిలోనే కలిపి లెక్కేసుకుంటూ వచ్చాను.

ఆ ఏడాది పూత నిలవలేదు. చలికాలం చివర్లో మంచు పట్టింది, ఆ వెనకే తేనెమంచు పురుగు దిగింది. జూన్‌లో లారీలకు దారి ఇవ్వలేక జనం తిట్టుకునే మా మండీ వీధిలో కుక్కలు పడుకున్నాయి. పని లేని వ్యాపారికి కొత్త ఆలోచనలు వస్తాయి. జయరావుకు ముందుగా వచ్చాయి. అతనిది పూతలపట్టు. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. కాయలు అమ్మితే మిగిలేదేమీ లేదు, గుజ్జు తీసే ఫ్యాక్టరీ మనమే పెట్టాలి అన్నాడు. రోడ్డు పక్కన, నీళ్ళున్న చోటు కావాలి.

"వదిన తోట అయితే సరిగ్గా సరిపోతాదన్నా. ముసిలి చెట్లు, కాపు తగ్గిపోయింది. కొట్టేసి చదును చేసుకుంటే నీకు మూడో వాటా" అన్నాడు.

మా మండీల్లో పెద్ద బేరం నోటితో కుదరదు. ఇద్దరూ చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు. లోపల వేళ్ళు మాట్లాడుకుంటాయి. చివర్లో అరచెయ్యి అరచేతిని గట్టిగా నొక్కితే బేరం కుదిరినట్టు. దానికి కాగితం ఉండదు, సాక్షి ఉండడు. వెనక్కి తీసుకున్నవాడూ ఉండడు. ఆ రోజు నా మండీలో, నా తువ్వాలు కిందే, నేను జయరావు చేతిని నొక్కాను.

ఇంటికి వచ్చి వరదమ్మకు చెప్పాను. ఆమె సంగటి కెలుకుతోంది. కెలకడం ఆపలేదు. వద్దనలేదు కాబట్టి సరేనన్నట్టే అనుకున్నాను.

పంట లేని ఏడాది ఊరికే ఎందుకు కూర్చోవాలని జయరావే మండీల వాళ్ళను కూడగట్టి యూరప్ టూరు పెట్టించాడు. జర్మనీలో దిగి, ఊరికొక పూట చొప్పున బస్సులో చూసుకుంటూ వియన్నా చేరాలి. అక్కడ గుజ్జు యంత్రాలు అమ్మేవాళ్ళతో మాట్లాడి, భాగస్వాములందరూ కాగితాల మీద సంతకాలు పెట్టాలి. తోట వరదమ్మ పేరున ఉంది కాబట్టి ఆమె రావాలి. అందుకే భార్యలకు కూడా టికెట్లు తీయించాడు.

వీసా వస్తే ఇద్దరి తలనీలాలూ ఇస్తానని వరదమ్మ కొండకు మొక్కుకుంది. వచ్చింది. బయలుదేరే ముందు తిరుమల వెళ్ళాం.

"ఆడోళ్ళు మూడు కత్తెర్లు ఇస్తే సాలు" అన్నాను కల్యాణకట్ట మెట్ల మీద.

"అడిగేటప్పుడు నిండుగా అడిగి, ఇచ్చేటప్పుడు ముక్కలు ఇస్తారా? నీ మండీలో ఇట్లనే జేస్తావా?"

ఆమె నడుం దాకా ఉన్న జడ పోయింది. నా జుట్టుతో పాటు మీసమూ పోయింది. తిరుపతి చుట్టుపక్కల గుండును ఎవరూ రెండోసారి చూడరు. లోకమంతా అంతేననుకున్నాం.

జర్మనీలో విమానం దిగి వరసలో నిలబడ్డాం. మా వాళ్ళందరూ ముద్ర వేయించుకుని దాటుకున్నారు. మా వంతు వచ్చేసరికి అద్దం వెనకున్న కుర్రాడు పాస్‌పోర్టు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ పాస్‌పోర్టు చూశాడు. అందులో ఉన్నవాడికి బొద్దుమీసం, ఒత్తు జుట్టు. ఎదురుగా ఉన్నవాడు ఒలిచిన కోడిగుడ్డు. వరదమ్మ ఫొటోలో ముందుకు వేసుకున్న జడ ఉంది, పక్కన నిలబడ్డ మనిషికి లేదు. కుర్రాడు ఇంకొకర్ని పిలిచాడు. వచ్చిన ఆఫీసరమ్మ మమ్మల్ని ఒక గదిలోకి తీసుకెళ్ళింది.

టూరు నడిపే రూపేష్ గాజుతలుపు అవతలి నుంచి ఫోను చేశాడు. "అంకుల్, బస్సుకి టైమయిపాయ. ఇరవై మంది కూర్చోని ఉండారు. మీరు రేపటి ఊర్లో వచ్చి కలుసుకోండి."

"రేపటి ఊరికి యాడ పోవాల్నో నాకు తెలుసునా నాయనా?"

"నేను చెప్తా కదా."

గదిలో వేలిముద్రలు తీసుకున్నారు, సంతకాలు పెట్టించారు. గుండు ఎందుకో నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను, వాళ్ళకు ఎక్కలేదు. చివరికి వరదమ్మ లేచి, ఫొటోలో జడను చూపించి, తల మీద కత్తి నడిచినట్టు చెయ్యి ఆడించి, పైకి చూసి దణ్ణం పెట్టింది. ఆ ఆఫీసరమ్మ ముఖం ఒక్కసారిగా మెత్తబడింది. తన కుర్చీ తెచ్చి వరదమ్మకు వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది, మమ్మల్ని బయటి దాకా సాగనంపింది. దేవుడంటే ఇక్కడ కూడా భయమున్నట్టుందే అనుకున్నాను.

రూపేష్ చెప్పిన టికెట్లలో అన్నిటికంటే చవకది కొన్నాను. కొన్నాక తెలిసింది, అది ప్యాసింజరు బండ్లకే చెల్లుతుందని. వేగంగా పోయే బండి ఎక్కితే దించేస్తారు. ఆ సాయంత్రం మేము ఎక్కిన బండి ప్రతి పల్లెలో ఆగింది. ఎక్కేవాళ్ళు లేరు, దిగేవాళ్ళు లేరు, అయినా ఆగింది. తలుపులు తెరుచుకునేవి, గడ్డి కోసిన వాసన లోపలికి వచ్చేది, తలుపులు మూసుకునేవి. కొండవాలంతా ద్రాక్షతోటలు. ప్రతి పల్లెకూ ఒక చర్చి, దాని నెత్తిన ఉల్లిగడ్డ బోర్లించినట్టు శిఖరం.

"ఎవరూ లేనిచోట ఎందుకు ఆపతా ఉండారు వీళ్ళు?" అని విసుక్కున్నాను.

"మన పాకాల బండి ఆగదా?" అంది వరదమ్మ, కిటికీ నుంచి ముఖం తిప్పకుండా.

ఆ కిటికీ సీటు ఒక కుర్రది లేచి ఆమెకు ఇచ్చింది. ఆ తర్వాత ఎక్కిన ప్రతి బండిలోనూ ఎవరో ఒకరు లేచారు. నాకెవరూ లేవలేదు. నాది కూడా గుండే, వయసులో నేనే పెద్ద. ఈ దేశంలో ఆడవాళ్ళకు మర్యాద ఎక్కువని లెక్కేసుకున్నాను.

వుర్జ్‌బుర్గ్ చేరేసరికి బస్సు అక్కడినుంచి వెళ్ళిపోయింది. రాత్రి తొమ్మిదవుతున్నా ఎండ పోలేదు. ఏటి మీద పాత రాతి వంతెన, దానికి రెండు వైపులా రాతి సాధువుల బొమ్మలు, వాటి కింద వందమంది దాకా జనం గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరి కోసమో చూస్తున్నారేమోనని నేనూ కాసేపు చూశాను. ఎవరూ రాలేదు. వాళ్ళు ఊరికే నిలబడ్డారు. పొద్దు వాలేది చూడటానికి జనం ఇంతసేపు నిలబడతారని నాకు తెలీదు. మా మండీలో పొద్దు వాలిందంటే సరుకు ఎత్తలేదని అర్థం.

మరుసటి రోజు బాంబెర్గ్‌లో దిగాం. అక్కడా బస్సు పొద్దున్నే వచ్చి, గంటలో ఊరు చూసుకుని వెళ్ళిపోయిందని రూపేష్ చెప్పాడు. తర్వాతి బండికి ఇంకా సమయం ఉంది. భోజనం చేద్దామని స్టేషను నుంచి ఊళ్ళోకి నడిచాం. వీధికి ఆనుకుని పాత ఇళ్ళు, ఒక్కో ఇంటికి బండి పట్టేంత తలుపు. ఒక తలుపు తెరిచి ఉంది. వరదమ్మ ఆగింది. లోపల ఇల్లు కాదు, చేను. సన్నగా, పొడుగ్గా, అటు చివర చెట్ల దాకా పచ్చగా పరుచుకుంది. ఊరి నడిబొడ్డున, చుట్టూ మేడలుండగా, ఉల్లి చేను.

"ఇంత జాగాలో ఎన్ని ప్లాట్లు పడతాయో సూడు" అన్నాను.

ఆమె వినలేదు. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయింది. పరాయి దేశంలో పరాయివాళ్ళ చేలోకి అట్లా అడుగుపెట్టిందేమని నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

చేనులో ఒక పెద్దావిడ పాదాల కింద చెక్కపలకలు కట్టుకుని మడి మీద అడుగులో అడుగు వేస్తోంది. ఉల్లి కాడలు ఆ పలకల కింద పక్కకు వాలిపోతున్నాయి. మా వైపు అట్లా చేస్తే తన్నులు తింటారు. వరదమ్మ మాత్రం నవ్వుతూ చూసింది. "కాడకి పోయే సత్తవ గడ్డకి దిగాలని తొక్కతా ఉండాదయ్యా" అని నాకు కేక వేసి చెప్పింది. ఆ పెద్దావిడ తల ఎత్తింది. వరదమ్మ గుండు మీద ఆమె చూపు కాసేపు నిలిచింది. పలకలు విప్పి, వచ్చి, వరదమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

ఆమె పేరు ఎర్నా. మేడమీద అద్దెకిచ్చే గది ఉంది.

"ఈ పూటకి నేను కదల్ను" అంది వరదమ్మ, మెట్ల మీద కూర్చుని. "బస్సు వెంట పరిగెత్తను. కావాలంటే నువ్వు పో, ఆ జయరావును కలుసుకో."

కలుసుకుని ఏం లాభం? సంతకం ఆమెది. నేనూ ఉండిపోయాను.

ఒక పూట అనుకున్నది నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులను ఇప్పటికీ నేను మెల్లగా, ఒక్కో పూటగా తలుచుకుంటాను. పొద్దున గంటలు. ఒక చర్చిలో మొదలైతే, అది విని నిద్ర లేచినట్టు ఇంకో చర్చిలో, తర్వాత ఏటి అవతల ఇంకోటి. కింద వీధిలో రొట్టె కాలే వాసన. ఏటి నడుమ వంతెన మీద కట్టిన పాత మునిసిపల్ కచేరీ, దాని గోడ నిండా వెలిసిపోయిన బొమ్మలు. సందులు ఎంత ఇరుకంటే గొడుగు విప్పితే రెండు గోడలకూ తగులుతుంది. మొదటి రోజు ప్రతి మేడకూ అద్దె అంచనా వేశాను. రెండో రోజు కొన్నిటికే వేశాను. మూడో రోజు ఒక సందు మలుపులో ముసలాయన కిటికీలో పూలకుండీకి నీళ్ళు పోస్తుంటే నిలబడి చూసి, అంచనా వేయడమే మరిచిపోయి ఇంటికి వచ్చాను.

వరదమ్మ పలకలు కట్టుకుని ఉల్లి తొక్కింది. మొదట రెండుసార్లు జారి కూర్చుంది, ఎర్నా పట్టుకుని లేపింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అయినా పొద్దస్తమానం మాట్లాడుకున్నారు. మేము వెంట తెచ్చుకున్న రాగిపిండితో వరదమ్మ సంగటి చేసి, ఆ చేలో ఉల్లిగడ్డలతో కారం నూరింది. ఎర్నా ఒక ముద్ద తిని, కళ్ళు తుడుచుకుని, ఇంకో ముద్ద తింది.

ఆ మధ్యాహ్నం ఆమె నా ఫోనులో ఏదో చెప్పింది. మాటను తెలుగులోకి మార్చే ఏర్పాటు ఉంది కదా. ఫోను చూసి పైకి చదివాను: "మీ భార్య చికిత్స అయిపోయిందా? నా చెల్లెలికి కూడా ఇలాగే జుట్టంతా పోయింది."

కిటికీ సీట్లు, ఆఫీసరమ్మ కుర్చీ, అన్నీ అప్పుడు అర్థమయ్యాయి. వరదమ్మకు నవ్వు ఆగలేదు. "నాకు పెద్ద జబ్బని అందరూ అనుకుంటా ఉండారా! అందుకా నిన్ను నిలబెట్టి నన్ను కూసోబెట్టింది!" నవ్వి నవ్వి, మధ్యలో ఆపేసింది. "ఆయమ్మ చెల్లెలు ఏమాయనో అడుగు."

అడిగాను. ఎర్నా జవాబు ఫోనుకు చెప్పలేదు. చర్చి పక్కన సమాధులున్న వైపు చెయ్యి చూపించింది.

వరదమ్మ ఆమె పక్కకు జరిగి కూర్చుంది. తర్వాత నాచేత చెప్పించింది: జబ్బు లేదు, మా దేవుడికి ఇచ్చుకున్నాం. మీ దేవుడు జుట్టు అడుగుతాడా అంది ఎర్నా. అడగడు, మేమే ఇస్తాం అని చెప్పమంది వరదమ్మ. ఎర్నా తల ఊపి, ఆ గుండు మీద అరచెయ్యి పెట్టి, కొత్తగా వస్తున్న జుట్టును మొలకలు చూసినట్టు నిమిరింది. నేను ఆమె చెయ్యి కింద వరదమ్మ తలను చూస్తూ ఉండిపోయాను. ఎడమ చెవి పైన ఒక మచ్చ ఉంది. ముప్పై ఆరేళ్ళుగా ఆ జడ కింద ఉన్నదే, నాకు తెలీదు.

మరుసటి పొద్దున ఫోను బల్ల మీద పెట్టుకుని ఎర్నాను నేనే కదిపాను. వ్యాపారి నోరు ఊరుకోదు. "ఊరి నడుమ ఇంత జాగా. అమ్మమని ఎవరూ రాలేదా? నీ వెనక చూసుకునేవాళ్ళు కూడా లేరు కదా. అమ్మే ఉద్దేశం ఉందా, లేదా? నీ మనసులో ఏముంది?"

ఫోను నా మాటను ఆమె భాషలో చెప్పింది. ఎర్నా ఆలోచిస్తోంది. ఈలోగా ఉల్లిపొట్టు ఒలుస్తున్న వరదమ్మ, తల ఎత్తకుండా అంది:

"ఆయమ్మని అడగతా ఉండావే."

"ఊరికే. తెలుసుకుందామని."

"తప్పని కాదు. మొగం తెలీని మనిషి. అయినా ఆమె బూమి గురించి ఆమెనే అడగాలని నీకు తెలుసు. నీ మనసులో ఏముంది అని ఎంత బాగ అడిగినావు! నా తోటకి తువ్వాలు కప్పినపుడు ఆ మాట నన్నెందుకు అడగలేదు?"

ఫోను ఆపడం మరిచిపోయాను. ఆమె మాట అయీ కాకముందే అది ఆ మాటంతా జర్మన్‌లో, ఆడగొంతుతో, ఒక్కటి వదలకుండా చెప్పేసింది. ఎర్నా నా వైపు చూసింది. తర్వాత లేచి, పలకలు చేత్తో పట్టుకుని, మాకు వీపు పెట్టి చేనులోకి వెళ్ళిపోయింది.

నేను ఫోను తీసి జేబులో పెట్టుకున్నాను. వరదమ్మ ఇంకో ఉల్లిగడ్డ తీసుకుంది.

సాయంత్రం జయరావు ఫోను చేశాడు.

"అన్నా, యాడుండారు?"

"బాంబెర్గ్‌లోనే."

"ఆ ఊరు మేం గంటలో సూసేస్తిమి కదన్నా! ఇంకా ఆడ ఏముండాది?"

"ఉల్లిగడ్డలు ఉండాయి."

"ఎగతాళి కాదు. యంత్రాల వాళ్ళు శుక్రవారం వస్తారు. వదిన్ని పిల్చుకోని రా. నువ్వు చెయ్యి పట్టినావు, దాన్ని నమ్ముకోని నేను నలుగుర్ని కూర్చోబెట్టినా."

అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. నేను చెయ్యి నొక్కాను. ఆ చెయ్యి వెనక్కి తీసుకుంటే దామలచెరువులో నా ముందు ఇంకెవరూ తువ్వాలు పరచరు. పరచకపోతే నేను మండీ వ్యాపారిని కాను, క్రేట్లు అద్దెకిచ్చుకునే ముసలాణ్ణి. ఒక వైపు అది. ఇంకో వైపు, అడగని ప్రశ్న.

ఎర్నా దగ్గర సెలవు తీసుకుని, వియన్నా దారిలో ఉన్న రేగెన్స్‌బుర్గ్‌కు బండి ఎక్కాం. ఇంకా మా టికెట్టు ప్యాసింజరుదే. అది నాకు మేలు చేసింది. వేగంగా పోయే బండి అయితే ఆ ప్రశ్న నా నోట్లో ఉండగానే ఊరు వచ్చేసేది. రోజుకు వెయ్యిసార్లు "ఎంతకిస్తావు?" అని అడిగిన నోరు ఇది. ఒక స్టేషన్‌లో అడగబోయాను, సైకిలుతో ఒకడు ఎక్కాడు. ఇంకో స్టేషన్‌లో పిల్లలు ఎక్కారు. తర్వాతి పల్లెలో తలుపులు తెరుచుకున్నాయి, ఎవరూ ఎక్కలేదు, చినుకులు పడే చప్పుడు ఒక్కటే లోపలికి వచ్చింది.

"వరదా, తోట ఇద్దామా, వద్దా? నీ మనసులో ఏముండాది?"

ఆమె నన్ను చూడలేదు. కిటికీ మీద జారే చినుకును వేలితో వెంబడించింది.

"ఇప్పుడు కదా అడిగినావు. సూస్తా."

"శుక్రవారం లోపల చెప్పాల."

"నీ శుక్రవారంతో నాకేం పని? మా నాయన కావడి మోసి నీళ్ళు పోసిన చెట్లు. రెండు దినాల్లో చెప్పమంటే నేనేం మండీ పెట్టుకోనుండానా?"

రేగెన్స్‌బుర్గ్‌లో ఆమె ఆలోచించింది, నేను ఎదురుచూశాను. ఎదురుచూడటం కూడా ఒక పనేనని ఆ ఊళ్ళో నేర్చుకున్నాను. పాతకాలం షావుకార్లు ఒకరిని మించి ఒకరు కట్టిన ఎత్తు బురుజులు ఇంకా నిలబడి ఉన్నాయి. వాటి కింద వీధిలో కుర్చీలు వేసుకుని జనం ఒక్క కాఫీతో పూటంతా గడిపేవారు. మేమూ కూర్చున్నాం. ఆ బల్లల దగ్గర వరదమ్మ నాకు తెలియని విషయాలు చెప్పింది. చిన్నప్పుడు తోట కాపలాకు వాళ్ళ నాయనతో పోయి, గుడిసెలో పడుకుని, పండు రాలిన చప్పుడును బట్టి ఏ చెట్టో చెప్పేదట. పెళ్ళయిన కొత్తలో నా మీద కోపం వచ్చినప్పుడు పుట్టింటికని చెప్పి తోటకు పోయేదట. ఎన్నిసార్లు అని అడిగాను. నీకెందుకులే అంది.

శుక్రవారం వచ్చింది. జయరావు మళ్ళీ ఫోను చేశాడు.

"ఆమె ఇంకా చెప్పలేదప్పా" అన్నాను.

"ఆమె చెప్పేదేంది? మొగోడివి, చెయ్యి పట్టింది నువ్వు కదా!"

"తోట నాది కాదు కదా జయరావూ."

"ఈ మాట ఆ పొద్దు తువ్వాలు కింద గుర్తు రాలేదా అన్నా?" అని పెట్టేశాడు.

ఆ సాయంత్రం డాన్యూబు నది మీద పాత రాతి వంతెన ఎక్కాం. కమానుల కింద నీళ్ళు సుడి తిరిగి, తెల్లగా నురగ కక్కుతూ, పెద్ద చప్పుడుతో పోతున్నాయి. వంతెన నడుమ వరదమ్మ రాతిగోడకు మోచేతులు ఆనించి నిలబడింది. ఆ రాళ్ళు ఎవరెవరో ఆనుకుని అరిగి నున్నగా ఉన్నాయి.

"వద్దులేయ్యా" అంది. "నేనియ్యను."

బేరగాడి నోట్లో రెండో మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. సగం ఇస్తావా? రోడ్డు వైపు ముక్క? పోనీ, కౌలుకి? మూడూ నాలుక చివరికి వచ్చాయి. నీళ్ళ వైపు చూశాను. మూడింటినీ మింగాను.

"సరే" అన్నాను.

ఆమె తిరిగి చూసింది. "సరేనా? ఏమీ అనవా?"

"అననులే."

నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. "జొరం గిరం వచ్చిందా ఏంది నీకు?"

ఆ వంతెన మీద ఎంతసేపు నిలబడ్డామో తెలీదు. మా పక్కన నిలబడ్డవాళ్ళు వెళ్ళిపోయారు, ఇంకెవరో వచ్చారు. గోడల మీద ఎండ పసుపు నుంచి ఇటుక రంగుకు తిరిగింది. ఏమీ కొనలేదు, ఏమీ అమ్మలేదు. ఇప్పుడు దామలచెరువులో వాన పట్టి పని ఆగిన రోజున నాకు గుర్తొచ్చేది ఆ సాయంత్రమే.

వియన్నాకు తిరుగు విమానం రోజున చేరాం. విమానాశ్రయంలో మా వాళ్ళు పెట్టెల మీద కూర్చుని ఉన్నారు. జయరావు లేవలేదు. నేనే వెళ్ళి ఎదురుగా నిలబడి, నలుగురూ వినేట్టు, కుడిచెయ్యి ముందుకు చాపాను.

"ఈ చేత్తో నీ చెయ్యి పట్టినా. వెనక్కి తీసుకుంటా ఉండా. తప్పు నాది."

అతను ఆ చేతిని చూశాడు, ముట్టుకోలేదు. "అన్నా, మండీలో ఈ మాట దాసను. చెప్తా."

"చెప్పు."

వరదమ్మ నా వెనకనుంచి ముందుకు వచ్చింది. ఇంకా వేలెడు కూడా పెరగని జుట్టు మీద ఎర్నా ఇచ్చిన పూల రుమాలు కట్టుకుని ఉంది.

"చెప్పు జయరావూ, బాగా చెప్పు. దాంతోబాటు ఇది కూడా చెప్పు. తోట నాది. మీరు తువ్వాలు కప్పినపుడు లోపల ఉండింది రెండు చేతులు. నాది యాడుండింది?"

జయరావు తల దించుకున్నాడు. "నేను అన్నను అడిగినా వదినా" అన్నాడు చిన్నగా.

"అదే కదప్పా నేను చెప్పేది."

జయరావు మాట తప్పలేదు, చెప్పాడు. మరుసటి ఏడాది పూత బాగా నిలిచింది, మండీ వీధిలో లారీలు మళ్ళీ దారి విడవకుండా నిలబడ్డాయి. నా దగ్గరికి కాయ వచ్చింది. కానీ ఎవరూ నా ముందు తువ్వాలు తీయలేదు. కుర్ర వ్యాపారులు కూడా ధర నాకు నోటితోనే, అందరి ముందూ, చిల్లర కొట్టులో బెల్లం ధర చెప్పినట్టు చెప్పారు. మొదటి రోజు ఇంటికి వచ్చి అన్నం తినలేదు. ఫ్యాక్టరీ ఐరాల వైపు ఇంకొకరి పొలంలో లేచింది. బాగా నడుస్తోంది, ఆ దారిన పోతే గుజ్జు వాసన బస్సులోకి కొడుతుంది. అందులో నాకు వాటా లేదు.

తోట ముసలిదే. కాపు ఏడాది తప్పి ఏడాది. దాన్ని లాభమని రాసుకునే వ్యాపారి ఈ జిల్లాలో ఉండడు. వారానికొకసారి మేమిద్దరం కార్వేటినగరం దాకా ఆగాగి పోయే బస్సులో వెళ్తాం. మొదటిసారి వెళ్ళినప్పుడు, ఇన్నేళ్ళూ యజమానిలాగా తిరిగిన ఆ తోట గట్టు మీద, యాడ కూర్చునేది అని వరదమ్మను అడిగాను. ఆమె చుట్టూ చూసి, కొంగుతో ఎండుటాకులు దులిపి, ఒక చెట్టు మొదలు చూపించింది.

పోయినవి చెప్పాను. వచ్చింది, ఆ చెట్టు కింద కూర్చునేందుకు ఆమె ఇచ్చిన చోటు.